ఐదెకరాల రైతు రెండేండ్లు ఎట్ల ఆగిండు?

మన దిక్కు 'వైన్స్' అని బోర్డు పెట్టిన దుకాణంల అన్నీ దొరుకుతయి, వైన్ తప్ప. అడిగి చూడుండ్రి, కౌంటర్ కాడి పిల్లగాడు మొకం మొకం చూస్తడు. గసొంటి మనకు ఇటలీ దేశపు ఎర్ర వైన్ ముచ్చట ఎందుకని మీరు అడగొచ్చు. ముందే చెప్తున్న, నేను ఆ వైన్ తాగలే, ఆ దేశం పోలే. మా దగ్గరి ఊర్లె రైతులు 'సంఘాల మీద నాలుగు మాటలు చెప్పుండ్రి' అని పిలిస్తే, ఊకె నోటికొచ్చింది చెప్పుడెందుకని కొన్ని దినాలు చదువుకుంట కూసున్న. చదువుకుంట చదువుకుంట బార్బరెస్కో అనే చిన్న ఊరి కాడ ఆగిపోయిన. ఆ ఊరి ముచ్చటనే ఇది.

ఇప్పుడే ఎందుకంటే, సంఘాల మాట ఇప్పుడు ఎక్కడ చూసినా వినవడుతున్నది. ఢిల్లీల 2021ల సహకారానికి ప్రత్యేకంగ ఒక మంత్రిత్వ శాఖనే పెట్టిండ్రు. 2023ల, ఐదేండ్లల్ల దేశంల 2 లక్షల కొత్త సంఘాలు పెడుతమని కేబినెట్ల తీర్మానం చేసుకున్నరు. 2025ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ సహకార సంవత్సరం అన్నది. మన రాష్ట్రంల మాత్రం ప్రాథమిక వ్యవసాయ సంఘాలకు 2020 ఫిబ్రవరిల ఓట్లు జరిగినయి, 2025 ఫిబ్రవరికి గడువు ఒడిసింది, మల్ల ఓట్లు పెట్టుడు ఇడిసి పొడిగింపు ఇచ్చిండ్రు. కొత్తయి 2 లక్షలు పెట్టుడు తర్వాత ముచ్చట, ఉన్నదానికి టైముకు ఓట్లు పెడితే చాలు అనిపిస్తది.

మా నాయినకు ఒక సొసైటీ షేర్ కాయితం ఉన్నది. లోన్ ఇచ్చినప్పుడు అండ్లకెల్లి షేర్ పైసలు కోసుకొని ఆ కాయితం చేతుల పెట్టిండ్రు. ఇనుప సందుగుల పట్టా పాస్‌బుక్ పక్కపొంటి పెట్టుకున్నడు. అన్నేండ్లల్ల ఒక్కసారి సుత సర్వసభ్య సమావేశానికి రమ్మని పిలిచిన యాది లేదంటడు. ఓట్లప్పుడు మాత్రం ఆటో ఇంటి ముందటికి వచ్చేది. సంఘం అంటే ఆయనకు లోన్ ఆఫీసు, ఎరువు బస్తాల గోదాం, వానకాలం యాసంగి కాంటా పెట్టే జాగ. అది తనదని ఆయనకు ఎన్నడు అనిపియ్యలే.

ఇగ బార్బరెస్కో. ఇటలీకి వాయువ్య దిక్కున పియమోంటె అనే రాష్ట్రం ఉన్నది. అండ్ల ఆల్బ అనే పట్నం, దాని చుట్టు లాంగె అనే గుట్టల సీమ. తానరో నది ఒడ్డు మీద గుట్టకొస పట్టుకొని ఉన్న చిన్న పల్లె బార్బరెస్కో, మన దిక్కు లెక్కల ఒక పెద్ద తండా అంత. ఆ గుట్టల సున్నపు మట్టిల నెబ్బియోలో అనే ద్రాక్ష పండుతది. పొగమంచును వాళ్ల భాషల 'నెబ్బియా' అంటరు, ఆ పేరుకు మూలం అదేనని శాన మంది చెప్తరు. మొండి పంట. అన్నిటికన్న ముందు చిగురిస్తది, అన్నిటికన్న ఆఖరికి, అక్టోబర్ల గని కోతకు రాదు. గుట్టకు ఎండ తగిలే దిక్కు మారితే రుచి మారుతది. దాని వైన్ చూడనీకి పల్చటి ఎరుపే గని నోట్ల పోసుకుంటే వగరు. మన నేరేడు పండు తిన్నంక నాలుకె బిగుసుకపోతది చూడు, గట్ల అని చదివి అర్థం చేసుకున్న. ఆ వగరు తగ్గి మెత్తవడాలంటే టైం కావాలె. అందుకే చట్టం ప్రకారం బార్బరెస్కో పేరు మీద అమ్మే వైన్ కనీసం 26 నెలలు ఆగాలె, అండ్ల 9 నెలలు చెక్క పీపాలల్ల ఉండాలె. రిజర్వా అనే మేలు రకమైతే 50 నెలలు.

నేను ఆగిపోయింది గీ లెక్క కాడనే. అక్టోబర్ల పండు తెంపిన రైతుకు ఆ సీసా అమ్ముడుపోయేది రెండేండ్లు దాటినంక. ఈ నడుమల వాడు ఏం తినాలె? పిల్లల ఫీజు ఎట్ల కట్టాలె? వచ్చే యేడు పెట్టుబడి ఎక్కడిది? పీపాలు కొనాలె, నేలమాళిగ కావాలె, పులియబెట్టుడు తెలిసిన మనిషి కావాలె. ఐదెకరాల రైతుతోని అయ్యే పనేనా?

మనకు తెల్వని ముచ్చట కాదిది. కొత్త బియ్యానికి ఒక ధర, పాత బియ్యానికి ఒక ధర. ఏడాది పాతవడ్డ సన్న బియ్యం అన్నం పలుకు పలుకు ఉంటదని పట్నంల ఎక్కువ పెట్టి కొంటరు. అయితే ఆ పాతవడ్డందుకు వచ్చే పైసలు ఎవలకు? కోసిన వడ్లు రోడ్డు మీద ఆరబోసి, మొగులు చూసుకుంట, టార్పాలిన్ కిరాయికి తెచ్చి, బస్తాకు ఇన్ని కిలోలు తరుగు తీస్తమంటే సరే అని తల ఊపి అమ్ముకున్న రైతుకు రావు. గోదాం ఉన్నోడికి, ఆగగలిగినోడికి వస్తయి. మనది నాణ్యత తక్కువై కాదు, ఆగే తాకత్ లేక నష్టపోతున్నం. బార్బరెస్కో రైతులు సంఘం పెట్టుకొని సంపాయించుకున్నది ఆ తాకతే.

అది ఒక్క దినంల వచ్చింది కాదు. 1894 కంటే ముందు ఆ గుట్టల ద్రాక్షకు సొంత పేరే లేదు. పక్కనే బరోలో అనే సీమ ఉన్నది, దాని వైన్ అప్పటికే రాజులు తాగే వైన్ అని పేరు మోసింది. వీళ్ల పండు ఆ బరోలో పీపాలల్ల కలిసిపోయేది. ఆల్బల రాజావారి వైన్ బడికి హెడ్‌మాస్టర్ దొమిత్సియో కవాత్సా అనేటాయన బార్బరెస్కోలనే ఉండేటోడు. ఆయన 1894ల తొమ్మిది మంది తోటలోళ్లను జమ చేసి, ఊర్లె తన కోటలనే ఉమ్మడిగ వైన్ చేయించి, ఆ ఊరి పేరు మీద సంఘం నిలబెట్టిండు. ఆ ఊరి పండు ఆ ఊరి పేరు మీద అమ్ముడువోవుడు అట్ల మొదలైంది. 1913ల ఆయన చనిపోయిండు.

తర్వాత ఫాసిస్టులు వచ్చిండ్రు. ఇటలీ అంతట సహకార సంఘాల మీద పడ్డరు. కొన్ని సంఘాల ఇండ్లను కాలవెట్టిండ్రు, కొన్నిటిని తమ చేతులకు తీసుకున్నరు. బార్బరెస్కో సంఘం 1920లల ఆ సర్కారు పెట్టిన ఆర్థిక నిబంధనలకు మూతవడ్డది. పంట పోయి కాదు, రైతులు కొట్లాడుకొని కాదు. మీదికెల్లి వచ్చిన హుకుంతోని మూతవడ్డదని గుర్తు పెట్టుకోవాలె, మల్ల దీని కాడికి వస్త.

మూతవడ్డంక ముప్పై ఏండ్లకు పైగ ఎవల బతుకు వాళ్లది. పండు గంపలల్ల ఏసుకొని ఆల్బ బజార్లకు పోవుడు, వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చి వచ్చుడు. పండు సాయంత్రానికి మెత్తవడతది, వ్యాపారికి ఆ సంగతి ఎరుకే. యుద్ధం అయినంక ఊర్లు ఖాళీ అయినయి. కొందరు టురిన్ల ఫియట్ కార్ల ఫ్యాక్టరీకి పోయిండ్రు. ఇంకొందరు ఆల్బలనే 1946ల పెట్టిన ఫెర్రెరో చాక్లెట్ కంపెనీకి పోయిండ్రు, మన పిల్లలు మారాం చేసి కొనిపిచ్చుకునే బంగారు కాయితం చాక్లెట్ వాళ్లదే. ఆ కాలపు పేద రైతుల గొంతులను నూతో రెవెల్లి అనే మాజీ గెరిల్లా ఊరూరు తిరిగి రికార్డు చేసి 1977ల పుస్తకం వేసిండు. ఇయ్యాల సీసాకు వేల రూపాయలు పలికే సీమ, నిన్నటి దాంక మన పాలమూరు లెక్క వలసల సీమ.

1958ల ఆ ఊరి చర్చి ఫాదర్ ఫియొరినో మారెంగో 19 మంది చిన్న రైతులను కూసోవెట్టి మల్ల సంఘం పెట్టిచ్చిండు. 'ప్రొదుత్తోరి దెల్ బార్బరెస్కో', అంటే బార్బరెస్కో పండించేటోళ్లు. అంతే పేరు, దేవుడు లేడు, నాయకుడు లేడు. మొదటి మూడేండ్ల వైన్ చర్చి కింది మాళిగలనే చేసిండ్రు. తర్వాత చౌరస్తాకు అటుదిక్కు సొంత కట్టడం లేపిండ్రు, ఇప్పటికీ అక్కడనే ఉన్నది. ఇయ్యాల 50కి పైన కుటుంబాలు, అందరిది కలిపి 100 హెక్టార్లకు పైన, అంటే దగ్గర దగ్గర 250 ఎకరాలు. సగటున కుటుంబానికి ఐదెకరాలు. ఎవల భూమి వాళ్లదే, ఎవల తోట పని వాళ్లదే. భూములు కలుపుడు లేదు, పండు మాత్రం కలుపుతరు. ఆ పేరు మీద ఉన్న మొత్తం తోటలల్ల ఆరింట ఒక వంతు వీళ్లదే.

ఇగ అసలు సంగతి వాళ్ల షరతులల్ల ఉన్నది. మెంబర్ అయినంక నీ తోటల పండిన నెబ్బియోలో మొత్తం సంఘానికే ఇయ్యాలె. సగం ఇస్త, సగం బయట అమ్ముకుంట అంటే నడువది. మన సంఘాలు శానవరకు కూలేది గిక్కడనే. మార్కెట్ల ధర మంచిగుంటే సరుకు సేటుకు పోతది, ధర పడిపోతే, లేకుంటే సరుకు తడిస్తే సొసైటీకి వస్తది. ఇగ సొసైటీ దగ్గర మిగిలేది తాలు. మల్ల మనమే 'సొసైటీ దివాలా తీసింది' అంటం. రైతును తిట్టుడు కాదిది, ఇంట్ల పెండ్లి పెట్టుకున్నోడు నూరు రూపాయలు ఎక్కువ వచ్చే దిక్కు పోతడు. గని మొత్తం ఇచ్చే షరతు లేకుంట ఏ సంఘం నిలబడది అన్నది ఆ 50 కుటుంబాలు అరవై ఏండ్లకు పైన చేసి చూపెట్టినయి.

అయితే ఆ షరతు ఒక్కటే ఉంటే సుత సంఘం కరాబైతది. మొత్తం తీసుకుంటరు గద అని రైతు నీళ్లు ఎక్కువ పట్టి, గుత్తులు ఎక్కువ ఇడిసి తూకం పెంచుతడు. అందుకే పైసలు తూకానికి కాదు, నాణ్యతకు కడతరు. పండు ఎంత పక్వానికి వచ్చింది, ఎంత శుభ్రంగ ఉన్నది అన్నదాన్ని బట్టి ఒక్కొక్కలకు ఒక్కొక్క లెక్క. పక్క పక్క తోటలోళ్లకు, అన్నదమ్ములకు వేరే వేరే ధర వచ్చినా మొకాలు మాడ్చుకోకుంట ఉండాలంటే, తూకం వేసేటోడి మీద, రాసేటోడి మీద నమ్మకం ఉండాలె. మన కాంటాల కాడ ఆ నమ్మకం ఎంతుందో నేను చెప్పే పని లేదు.

ఇంకోటి. ఆ ఊర్లె తొమ్మిది గుట్టలకు తొమ్మిది పేర్లు: అజీలి, రబజా, ఒవెల్లో, మోంతెస్తెఫనో, గిట్ల. మంచి కాలమైన యేడు ఏ గుట్ట పండుకు ఆ గుట్ట వైన్ విడిగ చేసి, రిజర్వా అని గుట్ట పేరుతోని అమ్ముతరు. ఆ సీసా మీద ఆ గుట్ట మీద తోటలున్న కుటుంబాల పేర్లు అచ్చు వేస్తరు. కాలం కరాబైన యేడు గుట్ట పేర్లు ఉండయి, ధర వచ్చే మేలు పండు సుత అందరిదాంట్ల కలిపి ఒక్కటే మామూలు బార్బరెస్కో చేస్తరు. అంటే కరువు యేడు మేలు గుట్టోడు ముందటవడి తక్కువ గుట్టోన్ని మోస్తడు. సంఘం అంటే నాకు అర్థమైన మతలబు గిదే.

ఒక్కటి చదివినప్పుడు మాత్రం చురుక్కుమన్నది. మొదట్ల సంఘాన్ని నడిపినాయన సెలెస్తినో వాకా, తర్వాత నడిపింది ఆయన కొడుకు ఆల్దో వాకా. మన దగ్గర డైరెక్టర్ కొడుకు డైరెక్టరైతే ఏమైతదో చూసినోన్ని గద! ఆ కొడుకు అదే ఊర్లె గాయా అనే పెద్ద ప్రైవేట్ వైన్ కంపెనీల పని నేర్చుకొని వచ్చినోడు. ఏడాదికేడాది సరుకు, లెక్క మెంబర్ల కండ్ల ముందట ఉంటయి గనుక నడిచిందేమో. అయినా ఈ పద్ధతి నాకు నచ్చది, నచ్చదని చెప్పుడు మంచిది.

పేరుకు చట్టం రక్షణ ఎప్పుడు వచ్చింది? 1966ల ఇటలీ సర్కారు బార్బరెస్కో పేరును చట్టంల పెట్టింది, 1980ల ఇంకింత గట్టి చేసింది. అంటే సంఘం పుట్టిన 72 ఏండ్లకు కాయితం వచ్చింది. మన కథ ఉల్టా. తాండూరు కందికి 2022ల భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంబురమే. కాయితం ముందుగాల వచ్చింది, ఆ పేరును పట్టుకొని ఆగి అమ్మే తాకత్ ఇంకా రావాలె. పేరు తాండూరు రైతుదే, గని ఆ పేరు మీద ప్యాకెట్ కట్టి అమ్ముడు ఎవల చేతుల ఉంటే ఎక్కువ పైసలు వాళ్లకే.

మన దగ్గర ఇట్లాంటియి లేవని కాదు. ముల్కనూరు ఉన్నది. 1956ల అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి పెట్టిచ్చిన సంఘం, సొంత బియ్యం మిల్లు, జిన్నింగ్ మిల్లు, విత్తనాల పని. ఆ ఊరి ఆడోళ్లు తర్వాత పాల డెయిరీ సుత పెట్టుకున్నరు, 1995ల వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద. ఆ చట్టం ముచ్చట మన పోరగాండ్లకు తెల్వది. సర్కారు వాటా పైసలు వద్దు, సర్కారు పెత్తనం సుత వద్దు, మా సంఘం మేమే నడుపుకుంటం అనేటోళ్ల కోసం ఉమ్మడి రాష్ట్రంల దేశంలనే ముందుగాల తెచ్చిన చట్టం అది. బార్బరెస్కో సంఘం హుకుంతోని మూతవడ్డదని పైన ఎందుకు గుర్తు పెట్టుకోమన్ననో ఇప్పుడు అర్థమై ఉంటది. ఓట్లు వాయిదా వేసి, పొడిగింపు కాయితం మీద నడిచే సంఘంకు తలుపులు మూసే పని లేదు, తెరిచి ఉంటనే మూతవడినట్టు.

మందు సంఘం గురించి రాస్తూ కల్లు మాట ఎత్తకుంటే గీత కార్మికులు నన్ను ఇడువరు. వైన్ పీపాల ఉంటే మెరుగైతది, కల్లు పొద్దుగూకేసరికి పులుస్తది. వాళ్లది ఆగే సరుకు, మనది ఆగని సరుకు, గందుకే రెండిటినీ ఒక్క తీర్గ పోల్చొద్దు. అయినా ఒక కాడ రెండూ కలుస్తయి. 1986ల గదే లాంగె సీమల నార్జోలె అనే ఊర్లె ఒక వైన్ కంపెనీ, ఘాటు పెంచనీకి మిథైల్ ఆల్కహాల్ కలిపితే 20 మందికి పైన చనిపోయిండ్రు. ఇటలీ వైన్ అంటేనే దునియా అంత భయపడ్డది. ఊరు పేరు, కుటుంబం పేరు అచ్చేసి అమ్మే సీసాకు విలువ అసొంటప్పుడు తెలుస్తది. మన కాడ 2025 జూలైల కూకట్‌పల్లిల కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయిండ్రు. చెట్టు గీసినోడు కల్తీ చేయలే. చెట్టుకు, సీసాకు నడుమ ఉన్న కాంట్రాక్టు బేరం చేసింది. లైసెన్సులు కల్లు సహకార సంఘాల పేరు మీద, దుకాణం మాత్రం ఇంకొకలు నడుపుడు అన్నది తెలంగాణల ఎవలకు తెల్వదు? ప్రాణం మీదికి తెచ్చుకొని తాటి చెట్టు ఎక్కేటోడి పేరు ఏ సీసా మీద సుత లేదు.

ఇదంత చదివి బార్బరెస్కో ఒక స్వర్గం అనుకోవద్దు. అది భూమి ఉన్నోళ్ల సంఘం, కూలోళ్ల సంఘం కాదు. ఆ గుట్టలల్ల ద్రాక్ష తెంపేది ఎక్కువ మంది వలస వచ్చిన కూలోళ్లు. 2024 జూలైల ఆల్బ చుట్టుపక్కల తోటలకు కూలోళ్లను తోలే మేస్త్రీలు వాళ్లను ఇనుప రాడ్లతోని కొట్టిండ్రని పోలీసులు అరెస్టులు చేసిండ్రు. అంతకు నెల ముందు, ఇటలీలనే ఇంకో మూల లాతినా కాడ సత్నాం సింగ్ అనే మన పంజాబీ కూలి చెయ్యి యంత్రంల పడి తెగిపోతే, దవాఖానకు తీసుకపోకుంట తెగిన చెయ్యితోని ఇంటి ముందట పడేసి పోయిండ్రు. ప్రాణం పోయింది. ఈ సంఘమోళ్లు చేసిండ్రని నేను అంటలే, చేసిండ్రనే మాట ఎక్కడ చదవలే. గని సీసా మీద రైతు పేరు అచ్చయిన కాడ, ఆ పండు తెంపిన చెయ్యి పేరు ఎక్కడ అని అడుగకుంట నేను ఉండలేను. మన ముల్కనూర్ల సుత, నాట్లేసే ఆడోళ్లకు పొలం సంఘంల మెంబర్‌షిప్ ఉన్నదా అని అడగాలె.

ఊర్ల మీటింగుకు పోయిన దినం ఇదే ముచ్చట నా మాటలల్ల చెప్పిన. రచ్చబండ చుట్టు ముప్పై నలభై మంది. వగరు ముచ్చటకు నవ్విండ్రు, పాత బియ్యం ముచ్చటకు తలలు ఊపిండ్రు. అయినంక ఒక ముసలాయన లేసి, 'అయ్యా, గంత మంచిగ చెప్పినవు గని, పండిందంత సొసైటీకే ఇయ్యాలె, సేటుకు గింజ ఇయ్యద్దు అంటే ఇక్కడ ఎంతమంది చెయ్యి లేపుతరో జర అడుగు' అన్నడు. అడిగిన. ఐదు చేతులు లేసినయి. అండ్ల మూడు ఆడోళ్లయి, వాళ్ల పేరు మీద పట్టా లేదు.